రెండో నంబరు గది

కాగితం మీద
హడ్మానారామ్ సియాగ్ మా ఇంట్లో కాపురముంటున్నాడు.
రెండో నంబరు గది, తోహోలి జిరాక్స్ వెనక,
రైలుగేటు సందు, దీమాపూర్.
ఆరేళ్లయింది.
నెలనెలా అద్దె వస్తుంది, మనిషి రాడు.

నిజానికి ఆ గదిలో ఉండేవి
పులిసిన వెదురు చిగుళ్ల జాడీలు,
ఆకుల్లో చుట్టిన అఖుని ముద్దలు,
ఒక కాలు లేని క్యారమ్స్ బల్ల.
ఇంటిపేరు కస్తూరివారన్న సామెత
ఆ గదిని చూసే పుట్టి ఉంటుంది.

ఒక్కసారి వచ్చాడు, సంతకాలకి.
నాగౌర్ మనిషి, గుడ్డు కూడా ముట్టడు.
తలుపు తీయగానే
తలపాగా కొస ముక్కుదాకా తెచ్చి
నేను చూస్తున్నానని
చెమట తుడుచుకున్నట్టు నుదుటికి పోనిచ్చాడు.
ఆ మర్యాదకే నచ్చాడు.
"మా దగ్గర పన్ను కడితే లారీ బతకదు చెల్లెమ్మా,
ఇక్కడి నంబరైతే బతుకుతుంది" అన్నాడు,
బిడ్డని మేనత్త ఇంట్లో దింపి
చదువు చెప్పించమని అడిగేవాడిలా.
రెండు రోజులూ అరటిపళ్లు తిని వెళ్లిపోయాడు.

పదకొండు లారీలు.
ఒక్కటీ నా కంటపడలేదు.
వాటి ఉత్తరాలు మాత్రం నాకే.
గౌహతి దాటి ఎరగనిదాన్ని,
చలాన్లు చదువుకుంటూ దేశం తిరిగాను.
సాతారా దగ్గర వేగం ఎక్కువ,
భుజ్ దగ్గర బరువు ఎక్కువ,
హోసూరు దగ్గర వెనక దీపం లేదు.
కెమెరా తీసిన ఫొటోలో వాన,
రెండు ఎర్రటి మరకలు,
పలక మీద మా రాష్ట్రం అక్షరాలు.
మా పేరు నుదుట పెట్టుకుని
మమ్మల్ని ఎరగని బండ్లు.
సేఠ్‌కి ఒక నకలు పంపి
అసలువి బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని,
బడి నుంచి వచ్చే ఫిర్యాదు చీటీల్లా.

మొన్న జూలైలో, జోరువానలో,
చెక్‌గేటు దగ్గర్నుంచి ఫోను.
"సాహున్ని దీదీ, మేవాత్ వాణ్ని, సియాగ్ సేఠ్ బండి.
మోర్బీ నుంచి టైల్స్ తెచ్చాను.
లోపలికి పోనివ్వడం లేదు."

గొడుగేసుకుని పోయాను.
కాపలా కుర్రాడు హొకివి, మావాడే.
"బండి మనదే ఆంటీ, దానికి అడ్డేముంది?
మనిషికే పర్మిట్ లేదు."

బండి ముందు చక్రాలు ఇంటికొచ్చేశాయి,
తోలినవాడు గీత అవతల తడుస్తున్నాడు.
సాహున్‌కి నవ్వొచ్చింది.
"అయిదేళ్లుగా దేశమంతా పోలీసులు
ఓయ్ నాగాలాండ్ అని పిలిచారు నన్ను.
ఏ ఊరు నీది అని అడిగింది
ఇక్కడే దీదీ."

పూచీ సంతకం నేనే పెట్టాను.
జిరాక్స్ మా కొట్లోనే.
మూడు రూపాయలు తీసుకున్నాను, అలవాటు చొప్పున.

సరుకు దించాక ఇంటికి తెచ్చాడు.
చెల్లెమ్మకి బండి చూపించి రా అన్నాడట సేఠ్.
మా సందులో పట్టలేదు.
కూరగాయల బండి ఎదురైతేనే
సైకిలు దిగి నడవాల్సిన సందు.
అద్దం గోడకి గీసుకుంది,
రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడించాడు,
ఎవరో ఆపు ఆపు అని అరిచారు.
తన చిరునామాలోకి తానే దూరలేక
పెద్దరోడ్డు మీద ఆగింది లారీ,
ఒక చక్రం కాలవ అంచున పెట్టి.
పిల్లలు టైర్లెక్కారు.
నేను అరచేత్తో పలక మీది బురద తుడిచాను.
చివరి అంకె చెరిగిపోతే
ఎవరో చేత్తో దిద్దారు, కొంచెం వంకరగా.

ఆ రాత్రి సాహున్ రెండో నంబరు గదిలో పడుకున్నాడు.
ఆరేళ్లలో అక్కడ పడుకున్న మొదటి మనిషి.
కాగితం ప్రకారం అతను అక్కడ లేడు.

వాసనకి నిద్ర పట్టిందా అని అడిగాను పొద్దున్నే.
"డీజిల్ డబ్బాల మధ్య పెరిగాను దీదీ" అని
జాడీ మూత సరిగ్గా బిగించి ఇచ్చాడు.
పోతూ పోతూ ఒక టైలు చేతిలో పెట్టాడు,
మూల విరిగింది, నీలం పువ్వుది.
గడపలో వేయించాను.

ఇవాళ చలాన్ వచ్చింది, ఈసారి మా ఊరిదే.
పెద్దరోడ్డు మీద, తప్పు చోట నిలిపినందుకు.
ఫొటోలో టైరెక్కిన పిల్లలు,
ఒక మూల నా గొడుగు.

ఇది మాత్రం సేఠ్‌కి పంపలేదు.